మావాడి హాస్టల్, రెండేళ్ల తర్వాత రివ్యూ (3/5)

విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్, పేరొద్దులెండి. ఎనిమిదిలో వేశాం, ఇప్పుడు టెన్త్. రూములు పర్లేదు, సాంబార్ మాత్రం నీళ్లే.

అసలు సంగతి పిల్లాడు మారిన తీరు. ఇంట్లో మంచినీళ్లు కూడా వాళ్లమ్మ చేతికివ్వాల్సినవాడు దసరా సెలవులకొచ్చి తిన్న కంచం తనే కడిగి బోర్లించాడు, మా ఆవిడ అలా చూస్తూ ఉండిపోయింది. ఆవకాయ పంపితే రూంలో ఎనిమిది మందీ రెండ్రోజుల్లో ఖాళీ చేసేస్తారంట, మంచిదే, ఒక్కడే కొడుకు కదా పంచుకోవడం మా ఇంట్లో ఎక్కడ నేర్చుకుంటాడు.

స్టార్లు తగ్గించింది సెక్షన్ల దగ్గర. టెస్ట్ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేస్తారు, ఒకసారి వీణ్ని కిందకి దించారు, అప్పట్నుంచి ఏమడిగినా "నేను సీ సెక్షన్ నాన్నా, నావల్ల కాదు" అంటాడు. బొమ్మలేయడం కూడా మానేశాడు, దానికీ మార్కులకీ ఏం సంబంధమో! చార్లెస్ కూలీ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 1902లోనే చెప్పాడు, ఎదుటివాళ్లు మనల్ని ఎలా చూస్తున్నారని అనుకుంటామో ఆ అద్దంలోనే మనల్ని మనం చూసుకుంటామని. బీఈడీలో పరీక్ష కోసం బట్టీ కొట్టా, ఇప్పుడు ఇంట్లో చూస్తున్నా.

వార్డెన్ సార్ మాత్రం మంచాయన. విషయం చెప్తే వీణ్ని వికెట్ కీపర్‌గా పెట్టారు, గ్రౌండ్‌లో వీడి అరుపులు మెస్ దాకా వినిపిస్తాయంట. చేర్చేవాళ్లు సెక్షన్ల సంగతి ముందే గట్టిగా అడగండి.