కాంచనబురి: క్వాయ్ నది ఒడ్డున నడక

బ్యాంకాక్ వెళ్లే మనవాళ్లు చాలామంది కాంచనబురికి పొద్దున వెళ్లి, క్వాయ్ నది మీది రైలు వంతెన మీద ఫొటో దిగి, సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. దయచేసి అలా చేయకండి, కనీసం ఒక రాత్రి ఉండండి. బ్యాంకాక్‌లోని థోన్‌బురి స్టేషన్ నుంచి రోజుకు రెండే రైళ్లు, ఫ్యాన్ల బోగీలే, విదేశీయులకు టికెట్ 100 బాత్.

నడక వంతెన దగ్గర కాదు, కాంచనబురి స్టేషన్ పక్కనున్న యుద్ధ శ్మశానం, దాన్ని ఆనుకుని ఉన్న రైల్వే మ్యూజియం దగ్గర మొదలుపెట్టండి. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్ర మార్గంలో శత్రువుల భయం పెరిగాక బర్మాలోని సైన్యానికి సామాన్లు పంపడానికి జపాన్ 1942-43లో అడవుల్లోంచి 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. ఆ పనిలో జపాన్‌కు చిక్కిన యుద్ధ ఖైదీలు 12 వేలమందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీలైతే దాదాపు 90 వేలమంది అని అంచనా, వాళ్లలో మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన తమిళులు, తెలుగువాళ్లూ ఉన్నారు. శ్మశానంలో ఖైదీలకు పేరు చెక్కిన రాళ్లున్నాయి, పచ్చిక చక్కగా కత్తిరించి ఉంటుంది. మన కూలీలకు అలాంటిదేమీ లేదు. అందుకే పక్కనే ఉన్న వాట్ థావోర్న్ గుడిలో వాళ్ల స్మారక స్తూపం తప్పకుండా చూడండి, టూర్ బస్సులు అక్కడ ఆగవు, నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే ముఖ్యమైన చోటు అదే.

అక్కడి నుంచి నది వెంట ఉన్న రోడ్డు పట్టుకుంటే వంతెన రెండున్నర కిలోమీటర్ల లోపే. గెస్ట్‌హౌస్‌ల మధ్య సందుల్లోంచి దిగితే నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క, అవతలి గట్టున చెట్లు, వాటి వెనక కొండలు. వంతెనలో వంపు తిరిగిన ఉక్కు భాగాలు పాతవి. 1945 బాంబుదాడుల్లో పోయినవాటి స్థానంలో యుద్ధం తర్వాత పెట్టినవే మధ్యలోని రెండు కోణాల భాగాలు. మిట్టమధ్యాహ్నం ఇనుము కాలిపోతుంది, సాయంత్రం వెళ్లండి.

నీళ్ల మీద తేలే తెప్ప గది తీసుకున్నాం. పొద్దున లేవగానే తలుపు ముందే నది, అది చాలా బాగుంది, కానీ శనివారం రాత్రి పాటల పడవలు తిరుగుతూనే ఉండటంతో నిద్ర లేదు. వారాంతమైతే ఒడ్డు మీద, రోడ్డుకు దూరంగా గది చూసుకోండి.

టైమ్ ఉంటే 80 కిలోమీటర్ల దూరంలోని హెల్‌ఫైర్ పాస్‌కు బస్సులో వెళ్లండి. ప్రవేశం ఉచితం. ఆ రైలు మార్గం కోసం చేతి పనిముట్లతో కొండను తొలిచిన దారిలో, వెదురు అడవి మధ్య నడవొచ్చు. మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టమే, వాళ్లను పైనున్న మ్యూజియంలోనే కూర్చోబెట్టి దిగండి, నీళ్లు మాత్రం మరిచిపోవద్దు.