ఎన్‌జేపీడబ్ల్యూ వరల్డ్ రివ్యూ: ఇక్కడ ఓటమిని ఎవరూ మర్చిపోరు

చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు దాచుకున్న బ్యాచ్‌లో మీరూ ఉంటే ఈ రివ్యూ మీకోసమే. ఎన్‌జేపీడబ్ల్యూ వరల్డ్ అంటే న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ వాళ్ల సొంత స్ట్రీమింగ్ సర్వీస్. టీవీ అసాహీ అనే జపాన్ ఛానెల్‌తో కలిసి 2014 డిసెంబర్ 1న మొదలుపెట్టారు. అప్పుడు నెలకు 999 యెన్లు, ఇప్పటి ధర కట్టే ముందు సైట్‌లో చూసుకోండి. నేను కొత్త షోల కోసం తీసుకున్నాను గానీ నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టినవి పాత మ్యాచులే.

ఈ కంపెనీ పుట్టుకే విచిత్రం. పాత కంపెనీ నుంచి బయటకు గెంటేస్తే రెజ్లర్ ఆంటోనియో ఇనోకి సొంతంగా పెట్టుకున్నాడు. 1972 మార్చి 6న టోక్యో ఓటా వార్డ్ జిమ్‌లో మొదటి షో. కంపెనీ తనదే, ఓపెనింగ్ రోజు, మెయిన్ ఈవెంట్‌లో తనే. ఈ ఆటలో ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు, అయినా తనకు కుస్తీ నేర్పిన కార్ల్ గోచ్ చేతిలో ఓడిపోయాడు. మన దగ్గర హీరో సొంత బ్యానర్ పెట్టి మొదటి సినిమాలోనే ఓడిపోయే పాత్ర వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1983 జూన్ 2న కూడా అంతే. ఐడబ్ల్యూజీపీ అనే పెద్ద టైటిల్ తనే కలలుగని తెచ్చి, ఫైనల్‌లో హల్క్ హోగన్ కొట్టిన దెబ్బకు నాలుక బయటపెట్టి స్పృహ లేకుండా పడున్నాడు.

పాతవాటిలో ముందుగా చూడాల్సింది 1974 మార్చిలో ఇనోకి, స్ట్రాంగ్ కొబయాషి మ్యాచ్. చివర్లో ఇనోకి వెనక నుంచి నడుం పట్టుకుని, తను వెనక్కి వంగుతూ ఎదుటివాణ్ని తల మీదుగా విసిరే జర్మన్ సూప్లెక్స్ వేస్తాడు. అక్కడ పాజ్ చేసి చూడండి. విసురు ఎంత గట్టిగా ఉందంటే ఇనోకి రెండు పాదాలూ నేల మీద నుంచి లేచిపోయి, ఇద్దరి బరువూ ఒక్క అతని మెడ మీద ఆగుతుంది. యాభై ఏళ్ల నాటి వీడియోలో ఆ ఒక్క క్షణం చూస్తే ఇప్పటికీ నా మెడ పట్టేసినట్టు అనిపిస్తుంది. తర్వాత 1981 ఏప్రిల్ 23, పులి ముసుగు వేసుకున్న టైగర్ మాస్క్ మొదటి మ్యాచ్, ఎదురుగా బ్రిటన్ రెజ్లర్ డైనమైట్ కిడ్. ఆ ముసుగు హడావిడిగా కుట్టినట్టే ఉంటుంది, కార్టూన్ పాత్ర వేషంలో ఎవరో వచ్చారులే అన్నట్టు జనం చూస్తారు, పది నిమిషాలు కూడా పట్టదు, అదే జనం చూపు మారిపోతుంది.

మనవాళ్లూ ఉన్నారు ఈ చరిత్రలో. పంజాబ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడ్డ టైగర్ జీత్ సింగ్ 1970ల్లో ఇనోకికి పెద్ద శత్రువు, చేతిలో కత్తితో బరిలోకి వచ్చేవాడు. మనం గ్రేట్ ఖలీ అని పిలుచుకునే దలీప్ సింగ్, డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లకముందు 2001లో ఇక్కడ జెయింట్ సింగ్.

చెడ్డ రోజులూ ఉన్నాయి. 2000 తర్వాత ఇనోకి పంతం కొద్దీ రెజ్లర్లను ఫలితం ముందే రాసుకోని నిజమైన ఫైట్లకు పంపాడు. యూజీ నగాతా 2001 డిసెంబర్ 31న క్రొయేషియా ఫైటర్ మిర్కో క్రో కాప్ చేతిలో 21 సెకన్లలో ఓడిపోయాడు. ఆ దశలో జనం నమ్మకం పోయింది, హాళ్లు పల్చబడ్డాయి. ఇనోకి వాటా 2005లో యూక్స్ అనే వీడియో గేమ్ కంపెనీకి వెళ్లింది, 2012లో బుషిరోడ్ కొనుక్కుంది. బుషిరోడ్ అంటే కార్డు గేముల కంపెనీ. ట్రంప్ కార్డులు ఆడిన నాకు ఈ సంగతి తెలిసినప్పుడు భలే సంతోషం వేసింది.

ఇక ఈ సర్వీస్‌కు డబ్బులు కట్టడానికి నా దృష్టిలో అసలు కారణం ఒకాడా, తనహాషి కథ. 2012 జనవరి 4న కజుచికా ఒకాడా విదేశీ ట్రైనింగ్ ముగించుకుని వచ్చి, అప్పుడే వరసగా పదకొండోసారి టైటిల్ నిలబెట్టుకున్న హిరోషి తనహాషిని సవాల్ చేశాడు. జనం ఛీకొట్టారు. ఫిబ్రవరి 12న ఒసాకాలో ఆ కుర్రాడే గెలిచేశాడు. అయ్యో ఇంతేనా అనుకోకండి, 2015 జనవరి 4న టోక్యో డోమ్ అనే పెద్ద స్టేడియంలో తనహాషి చేతిలో ఓడి, అంత పొడవు ర్యాంప్ మీద ఏడ్చుకుంటూ వెళ్తాడు. సరిగ్గా ఏడాదికి, అదే డోమ్, అదే తేదీ, అదే మనిషి, ఈసారి ఒకాడా గెలుస్తాడు. మణికట్టు పట్టుకుని ఎదుటివాణ్ని తన వైపు గుంజి మెడ మీద కొట్టే రెయిన్‌మేకర్ అతని దెబ్బ. నేలమీద పడిపోయినా ఆ మణికట్టు మాత్రం వదలకుండా మళ్లీ లేస్తాడు చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. ఈ నాలుగు తేదీలవీ వరసగా చూడండి, మధ్యలో వేరేవి పెట్టకండి. 2017 జనవరి 4న కెనడా రెజ్లర్ కెన్నీ ఒమేగాతో ఒకాడా ఆడిన 46 నిమిషాల మ్యాచ్ ఆ తర్వాత చూస్తే దాని విలువ తెలుస్తుంది.

ఇబ్బందులు చెప్తాను. పాత మ్యాచులకు జపనీస్ కామెంటరీయే, పెద్ద షోలకు మాత్రం ఇంగ్లీషు దొరుకుతుంది. నాకైతే జపనీసే బాగుంది, మాట అర్థం కాకపోయినా గొంతులో టెన్షన్ తెలిసిపోతుంది. పేమెంట్ విషయానికొస్తే నా కార్డు మొదట రెండుసార్లు పనిచేయలేదు, ఇంటర్నేషనల్ పేమెంట్స్ ఆఫ్‌లో ఉన్నాయి. ముందే ఆన్ చేసి పెట్టుకోండి. టైమ్ మాత్రం మనకు అనుకూలం. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, అక్కడ సాయంత్రం 6:30కి మొదలైతే ఇక్కడ మధ్యాహ్నం మూడు. అమెరికా షోల కోసం తెల్లవారుజామున అలారం పెట్టుకున్నవాళ్లకు ఇది పెద్ద సుఖం.

షో మొదట్లో వచ్చే కుర్రాళ్ల మ్యాచులు స్కిప్ చేయకండి. నల్ల ట్రంక్స్, నల్ల బూట్లు, వేషం లేదు, పాట హంగు లేదు. వాళ్లు నోగె డోజో అనే కంపెనీ ట్రైనింగ్ సెంటర్‌లో ఉండి నేర్చుకుంటున్న పిల్లలు, తమ మ్యాచ్ అయ్యాక రింగ్ పక్కనే నిలబడి పెద్దవాళ్లకు ఐస్ ప్యాకులు అందిస్తారు, జనం విసిరిన రంగు కాగితాల రిబ్బన్లు ఏరి తీసేస్తారు. ఒకాడా కూడా ఒకప్పుడు అలా నిలబడ్డవాడే. ఇప్పుడు నేను ఓడిపోతున్న కుర్రాళ్ల పేర్లు ఫోన్‌లో రాసి పెట్టుకుంటున్నాను, ఏ పేరు ఎప్పుడు డోమ్ మెయిన్ ఈవెంట్‌లో కనిపిస్తుందో చూడాలి.