అమెరికా అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకోవాలి: మూడు పద్ధతుల్లో ఏది మేలు?

2020 అక్టోబరులో అట్లాంటా దగ్గరుండే మా అక్క ఇంటి మెయిల్‌బాక్స్ రోజూ ఎన్నికల కరపత్రాలతో నిండిపోయేది. వంటగది బల్ల మీద అవి జానెడు ఎత్తు పేరుకున్నాయి. సాయంత్రమైతే ఎవరో ఒకరు బెల్ కొట్టి ఓటడిగేవారు. న్యూజెర్సీలో ఉన్న మా ఇంటికి మాత్రం అధ్యక్ష ఎన్నిక గురించి ఒక్క కాగితం రాలేదు. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రం ఆ ఏడాది 11,779 ఓట్ల తేడాతో తేలింది. న్యూజెర్సీ 1988 తర్వాత రిపబ్లికన్లకు దక్కనేలేదు. అలాంటప్పుడు మా ఓటు ఎవరికి కావాలి?

ఇదంతా ఇప్పుడున్న మొదటి పద్ధతి, ఎలక్టోరల్ కాలేజీ వల్లే. మన ఓట్లతో ఒక్కో రాష్ట్రం నుంచి ఎలక్టర్లనే ప్రతినిధులు ఎంపికవుతారు, అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వాళ్లే. మొత్తం 538 మంది ఎలక్టర్లు, గెలవాలంటే 270 రావాలి. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా అక్కడి ఎలక్టర్లందరూ గెలిచినవారికే. 2000లో డెమొక్రాట్ అల్ గోర్‌కు దేశం మొత్తమ్మీద 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి, కానీ ఫ్లోరిడాలో 537 ఓట్లతో అధ్యక్ష పదవి చేజారింది. 2016లో డెమొక్రాట్ హిల్లరీ క్లింటన్ 28 లక్షల ఓట్ల ఆధిక్యం ఉండి కూడా ఓడిపోయారు. ఇది ఒక్క పార్టీ గొడవ కాదు. 2004లో ఒహాయోలో ఓ 60 వేల మంది మనసు మార్చుకుని ఉంటే, రిపబ్లికన్ బుష్ 30 లక్షల ఆధిక్యం ఉండి కూడా ఓడేవారు.

ఈ పద్ధతి చిన్న రాష్ట్రాలకు రక్ష అంటారు. వయోమింగ్‌లో సుమారు 1.9 లక్షల మందికి ఒక ఎలక్టరుంటే కాలిఫోర్నియాలో 7.3 లక్షల మందికి ఒకరు, నిజమే. అయినా వయోమింగ్‌లో ప్రచారానికి ఎవరు వెళ్తున్నారు? ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి: రీకౌంట్ టెన్షన్ ఒకటి రెండు రాష్ట్రాలతో ఆగుతుంది.

రెండోది మెయిన్, నెబ్రాస్కా పద్ధతి. ఒక్కో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గంలో గెలిచినవారికి ఒక ఎలక్టరు, రాష్ట్రమంతటా గెలిచినవారికి ఇద్దరు. రిపబ్లికన్ల కోట నెబ్రాస్కాలో ఒమాహా నగరం వైపు ఓటర్లు 2008లో డెమొక్రాట్ ఒబామాకు ఒక ఎలక్టరును ఇవ్వగలిగింది ఇలాగే. నాకూ మొదట్లో ఇదే నచ్చింది. కానీ నియోజకవర్గాల గీతలు చాలా రాష్ట్రాల్లో గీసేది శాసనసభల్లోని పార్టీలే. 2012 ఫలితాన్ని ఈ పద్ధతిలో దేశమంతా లెక్కేస్తే, ఒబామా కంటే దాదాపు 50 లక్షల ఓట్లు వెనకబడిన రిపబ్లికన్ రామ్నీ గెలిచేవారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

మూడోది నేరుగా ఓట్లు లెక్కపెట్టడం. దేశమంతటా ఎవరికి ఎక్కువొస్తే వారే అధ్యక్షులు. హోరాహోరీ అయితే రీకౌంట్ దేశమంతా చెయ్యాలి, అది చిన్న పని కాదు. కానీ కోట్ల ఓట్లలో 537 తేడా రావడం ఎంత అరుదు! గవర్నర్లనూ సెనేటర్లనూ ఎన్నుకునేది ఇలాగే కదా. నా ఓటు దీనికే.

1969లో ప్రతినిధుల సభ దీనికోసం రాజ్యాంగ సవరణను 338–70తో ఆమోదించింది. మరుసటి ఏడాది సెనేట్‌లో చర్చను సాగదీసి దాన్ని ఆపేశారు. ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటున్నాయి: 270 ఎలక్టర్లకు సరిపడా రాష్ట్రాలు చేరగానే, ఆ రాష్ట్రాల ఎలక్టర్లందరూ దేశవ్యాప్త విజేతకే ఓటేస్తారు. 2024లో మెయిన్ చేరేసరికి లెక్క 209కి వచ్చింది. కోర్టు గొడవలు తప్పకపోవచ్చు, నాకు సవరణే ఇష్టం. అయినా న్యూజెర్సీ 2008లోనే ఇందులో చేరినందుకు సంతోషం.