ఎగ్జిబిషనా, ఉపన్యాసమా? పేపరు రాయాల్సిన విద్యార్థికి ఏది మేలు?

కళాచరిత్ర కోర్సులో చేరిన చాలామందికి ఈ పని తప్పదు. సెమిస్టర్ ముగిసేలోగా క్యాంపస్‌లో జరిగే ఆర్ట్ ఎగ్జిబిషన్‌కో, ఎవరైనా ఆర్టిస్టు ఉపన్యాసానికో వెళ్లి, ఏమనిపించిందో రెండు పేజీలు రాసివ్వాలి. మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఉపన్యాసానికే మొగ్గుతారు. కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది, చెప్పేవాళ్లుంటారు, నోట్సు రాసుకుంటే సగం పేపరు తయారైనట్టే. ఎగ్జిబిషన్‌లో మన కళ్లే మనకు దిక్కు. అయినా నా ఓటు ఎగ్జిబిషన్‌కే, ఒక్క మినహాయింపుతో.

ముందు సైజు సంగతి. పికాసో 1937లో వేసిన గెర్నికా దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల వెడల్పు. దాలీ 1931లో వేసిన కరిగే గడియారాల బొమ్మ చూస్తే 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు. ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. ఉపన్యాసంలో రెండూ ఒకే తెరను నింపుతాయి. ఒకదాన్ని చూడాలంటే వెనక్కి వెనక్కి నడవాలని, ఇంకోదాన్ని చూడాలంటే ముఖం దగ్గర పెట్టాలని స్లైడ్ చూసినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఎచింగ్ అయితే మరీనూ. లోహపు రేకు మీద పూత పూసి, ఆ పూతలో గీతలు గీసి, యాసిడ్‌లో ముంచుతారు. యాసిడ్ తినేసిన గీతల్లో సిరా నింపి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కుతారు. ఆ ఒత్తిడికి రేకు అంచు కాగితంలోకి దిగి, బొమ్మ చుట్టూ ఒక పల్లం మిగులుతుంది. ఫ్రేమ్ ముందు నిలబడి తల కొంచెం పక్కకు వంచితే అది కనిపిస్తుంది. సిరా కూడా కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా నిలిచి ఉంటుంది. కింద పెన్సిల్‌తో 7/25 అని రాసి ఉంటే 25 ప్రతుల్లో అది ఏడో నంబరు ప్రతి అన్నమాట. ప్రొజెక్టర్ వేసే వెలుగులో ఈ పల్లమూ లేదు, ఉబ్బూ లేదు. ఇలాంటి ప్రదర్శనల్లో లైట్లు మసకగా ఉండటం చూసి కరెంటు ఆదా చేస్తున్నారనుకునేవాళ్లూ ఉన్నారు. వెలుగుకు కాగితం, రంగులు పాడవుతాయి కాబట్టి మ్యూజియంలు వీటికి వెలుగును సాధారణంగా 50 లక్స్ (వెలుగు తీవ్రతకు కొలత) దాటనివ్వవు.

ఎగ్జిబిషన్‌తో వచ్చిన చిక్కల్లా మనమే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో కళాఖండం ముందు మనిషి నిలిచిన సమయం సగటున 27 సెకన్లు. క్యాంపస్ గ్యాలరీలో అంతకూ నిలవరు. పక్కనున్న లేబుల్ చదివి, అందులో చెప్పింది బొమ్మలో ఉందో లేదో ఓసారి సరిచూసుకుని వెళ్లిపోతారు.

ఉపన్యాసానికి పైచేయి ఇక్కడే. హాల్లో కూర్చున్నాక గంటసేపు కదలనివ్వరు. రెండు స్లైడ్లు పక్కపక్కన వేసి పోల్చి చెప్పే పద్ధతికి స్విస్ కళాచరిత్రకారుడు హైన్రిక్ వోల్‌ఫ్లిన్ పేరు తెచ్చాడు. వేర్వేరు దేశాల్లో ఉన్న రెండు బొమ్మలను అలా ఒకేచోట చూడటం గ్యాలరీలో అరుదు. కాకపోతే అందరూ అలా చెప్పరు. కొందరు ఆర్టిస్టులు బయోడేటా చదువుతారు: ఫలానా ఏడాది ఫలానా ఫెలోషిప్, తర్వాతి స్లైడ్. ఇంకొందరు ఇంకో రకం ప్రమాదం. 'ఈ సిరీస్ మా నాన్న పోయాక వేశాను' అంటే చాలు, ఆ తర్వాత ఆ నీలం రంగులో దుఃఖం తప్ప మరేదీ కనిపించదు. మన చూపుకు మొదలయ్యే అవకాశమే ఉండదు. పేపర్లు కూడా అలాగే తయారవుతాయి, మీటింగ్ మినిట్స్‌లాగా.

ఇక నేనన్న మినహాయింపు. 1917లో మార్సెల్ డ్యూషాంప్ అనే ఫ్రెంచ్ ఆర్టిస్టు ఒక మూత్రశాల తొట్టి మీద 'ఆర్. మట్' అని మారుపేరుతో సంతకం పెట్టి న్యూయార్క్‌లో ప్రదర్శనకు పంపాడు. నిర్వాహకులు దాన్ని ప్రదర్శించలేదు. అసలుది ఎప్పుడో పోయింది, ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నవి అతను తర్వాత ఒప్పుకున్న నకళ్లు. దాని ముందు ఎంతసేపు నిలబడినా తొట్టే కనిపిస్తుంది, గొడవంతా దాని వెనకున్న కథలో ఉంది. ఆలోచనే సరుకైన ఇలాంటి కళకు ఉపన్యాసమే మేలు.

రెండూ ఒకే వారంలో పడితే ముందు ఎగ్జిబిషన్‌కు వెళ్లండి. లేబుళ్ల జోలికి పోకుండా ఒక్క బొమ్మ ఎంచుకుని, కనిపించింది కనిపించినట్టు రాసుకోండి: ఏ మూల ఖాళీగా ఉంది, ఏ గీత చెరిపి మళ్లీ గీసినట్టుంది. ఉపన్యాసం చివర మైకు మీ దగ్గరికొచ్చినప్పుడు 'మీకు స్ఫూర్తి ఎవరు?' అని అడిగితే అందరికీ చెప్పే జవాబే వస్తుంది. 'ఆ ఎడమ మూల గీతలు ఎందుకు చెరిపారు?' అని అడిగి చూడండి.