క్లబ్బులో గోల్స్ కొట్టేవాణ్ని ఇండియా జట్టుకు పిలవాలా? సోఫాస్కోర్ చెప్పేదెంత, చెప్పనిదెంత

ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) సీజన్ సగానికి వచ్చేసరికి ప్రతి ఏడాదీ అదే వాదన మొదలవుతుంది. ఫలానా కుర్రాడు వరసగా గోల్స్ కొడుతున్నాడు కదా, జాతీయ శిబిరానికి ఎందుకు పిలవరు? ఈమధ్య ఈ వాదనకు సాక్ష్యంగా సోఫాస్కోర్ స్క్రీన్‌షాట్ వచ్చి పడుతోంది. ఆటల స్కోర్లు, లెక్కలు చూపించే క్రొయేషియా కంపెనీ యాప్ ఇది, ఉచితం, మధ్యమధ్య ప్రకటనలు వస్తాయి. ఫోన్‌లోనూ చూడొచ్చు, వెబ్‌సైట్‌లోనూ చూడొచ్చు. మన లీగ్‌కి కూడా ఆటగాడివారీ లెక్కలిస్తుంది. అయితే అందరూ చూపించే సగటు రేటింగే ఈ ప్రశ్నకు అన్నిటికంటే తక్కువ పనికొస్తుంది. అసలు సరుకు ఇంకా కిందికి దిగితే ఉంటుంది.

యాప్‌ను పరీక్షించడానికి ఇండియా స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ కంటే మంచి ఉదాహరణ లేదు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఛెత్రీ 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి, 151 మ్యాచ్‌లు, 94 గోల్స్‌తో అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పాడు. ఆ తర్వాతి ఐఎస్‌ఎల్ సీజన్‌లో బెంగళూరు ఎఫ్‌సీకి గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. 2025 మార్చి మొదటి వారానికి 12, సీజన్ ముగిసేసరికి 14. భారతీయ ఆటగాళ్లలో అందరికంటే ఎక్కువ. అప్పటి జాతీయ కోచ్ మనోలో మార్కెజ్ 40 ఏళ్ల ఛెత్రీని వెనక్కి పిలిపించాడు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు తెచ్చిపెట్టిన కోచ్ ఆయనే. ఆ పిలుపు న్యాయమేనా?

ముందు రేటింగ్ సంగతి. ప్రతి ఆటగాడూ 6.5 దగ్గర మొదలై, చేసిన పనిని బట్టి 3 నుంచి 10 మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గోల్‌కి, అసిస్ట్‌కి (గోల్‌కి దారితీసిన పాస్‌కి) బరువు ఎక్కువ. కాబట్టి ఒక గోల్ కొట్టి మిగతా ఆటంతా కనిపించకుండా పోయిన ఫార్వర్డ్‌కీ మంచి అంకే పడుతుంది. డిఫెండర్లను పక్కకు లాగి వింగర్‌కి దారి చేసిపెట్టిన స్ట్రైకర్‌కి అందులో ఏమీ రాదు. ఇద్దరు స్ట్రైకర్లను 7.1, 6.9 అని పోల్చి తీర్పు చెప్పడం కుదరదు.

ఆటగాడి పేజీలో సీజన్ లెక్కల దగ్గరికి వెళ్లండి. పైన టోర్నమెంట్, సీజన్ మీరే ఎంచుకోవాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. డ్యూరాండ్ కప్పు అనే వేరే టోర్నమెంటు తొలి దశలో బలహీనమైన జట్ల మీద వచ్చిన గోల్స్‌నీ లీగ్ గోల్స్‌నీ ఒకే గంపలో వేసి కూడేస్తారు. ఐఎస్‌ఎల్ ఒక్కటే పెట్టుకుని, ఆడిన నిమిషాలు, పెనాల్టీ గోల్స్, చేజారిన పెద్ద అవకాశాలు అనే మూడూ రాసుకోండి. మొత్తం గోల్స్‌లోంచి పెనాల్టీలు తీసేసి, 90తో గుణించి, నిమిషాలతో భాగించండి. 1,800 నిమిషాల్లో 10 గోల్స్, వాటిలో మూడు పెనాల్టీలు అనుకుందాం: 7×90÷1800, అంటే 90 నిమిషాలకు 0.35. ఇంకొకడు 700 నిమిషాల్లో పెనాల్టీ లేకుండా నాలుగే కొట్టాడు: 0.51. పేపర్లో మొదటివాడి పేరే వస్తుంది, కానీ గట్టిగా గమనించాల్సింది రెండోవాణ్ని. అలాగని వెంటనే పిలవమనడం కాదు. 900 నిమిషాలు, అంటే పది పూర్తి మ్యాచ్‌ల ఆట, నిండకుండా ఈ అంకెను నమ్మకూడదు. 700 దగ్గర ఒక్క గోల్ అటూ ఇటూ అయితే 0.51 కాస్తా 0.39కి పడిపోతుంది.

తర్వాత ఒక్కో మ్యాచ్ తెరిచి, గోల్ ఏ నిమిషంలో, ఏ స్కోరు దగ్గర వచ్చిందో చూడాలి. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ఎఫ్‌సీని బెంగళూరు 3-0తో ఓడించిన మ్యాచ్‌లో ఛెత్రీ సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు కొట్టాడు. ఒకటి 85వ నిమిషంలో పెనాల్టీ, రెండోది ఇంజురీ టైంలో. అదే డిసెంబరు 7న కేరళ బ్లాస్టర్స్ మీద 4-2 గెలుపులో హ్యాట్రిక్. గోల్స్ పట్టికలో అన్నీ ఒకే వరసలో కూర్చుంటాయి, కానీ విలువలో తేడా చాలా ఉంది. అలసిపోయిన డిఫెన్స్ మీద చివర్లో దిగి కొట్టేవాడు జాతీయ జట్టుకు పనికిరాడని కాదు. పనికొస్తాడు, బెంచ్ మీద నుంచి. ఏ పనికోసం పిలుస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

హీట్‌మ్యాప్ (ఆటగాడు మైదానంలో ఎక్కడెక్కడ ఆడాడో రంగుల్లో చూపే బొమ్మ) అందంగా ఉంటుంది, జాగ్రత్తగా చదవాలి. అది బంతి తాకిన చోట్లనే లెక్కేస్తుంది, బంతి లేకుండా తీసిన పరుగులు అందులో ఉండవు. అయినా ఒక పని బాగా చేస్తుంది: వాడు నిజంగా సెంటర్ ఫార్వర్డా (ముందు వరస మధ్యలో ఆడేవాడా), కాదా అన్నది తేలుస్తుంది. ఐఎస్‌ఎల్‌లో మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులు ఉండొచ్చు. క్లబ్బులు వాళ్లలో ఒకణ్ని తరచుగా ముందు వరస మధ్యలోనే పెట్టుకుంటాయి. 2024-25లో అత్యధిక గోల్స్‌కిచ్చే గోల్డెన్ బూట్ గెలిచింది 23 గోల్స్ కొట్టిన మొరాకో ఆటగాడు అలాయెద్దీన్ అజరాయ్. దాంతో మన కుర్రాళ్లు వింగ్‌లోకి జరుగుతారు. హీట్‌మ్యాప్‌లో ఎడమ గీత పొడవునా రంగు పరుచుకున్నవాణ్ని తీసుకెళ్లి ఇండియాకు తొమ్మిదో నంబరుగా, అంటే సెంటర్ ఫార్వర్డ్‌గా, ఆడిస్తే, తప్పు వాడిది కాదు. 2025లో ఛెత్రీ పిలుపుకి బలమైన కారణం నా లెక్కలో ఇదే. గోల్స్ సంఖ్య కంటే, పెనాల్టీ బాక్సులో క్రాస్ (పక్క నుంచి వచ్చే బంతి) కోసం సరైన క్షణానికి చేరే భారతీయుడు ఇంకొకడు కనబడకపోవడం.

యాప్ మొత్తానికే చూపించనిది ప్రెస్సింగ్, అంటే బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉన్నప్పుడు మీదికి వెళ్లి ఒత్తిడి పెట్టడం. ఎదుటి గోల్‌కీపర్ బంతి పట్టుకున్నప్పుడు ఎవరు ముందు పరిగెత్తారు, సెంటర్‌బ్యాక్‌ను ఏ వైపు తిప్పారు, బంతి పోయాక ఐదు సెకన్లలో వెనక్కి వచ్చారా, ఇవి ఆట చూస్తేనే తెలుస్తాయి. ఇండియా లాంటి జట్టుకు ఇది ప్రాణం, ఎందుకంటే బలమైన ప్రత్యర్థి మీద బంతి మన దగ్గర ఉండేది తక్కువసేపు. నలభై ఏళ్ల స్ట్రైకర్ విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే. దానికి సోఫాస్కోర్‌లో జవాబు లేదు.

మైదానంలో జరిగింది రెండువైపులా సాక్ష్యమే. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0. 2023 నవంబరు తర్వాత ఇండియాకు అదే మొదటి గెలుపు, ఛెత్రీ తలతో తన 95వ గోల్ కొట్టాడు. ఆరు రోజులకే అదే మైదానంలో, ఆసియా కప్ క్వాలిఫయర్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1. అక్టోబరులో గోవాలోని ఫతోర్డాలో సింగపూర్ మీద 1-2తో ఓడాక ఆసియా కప్ దారి మూసుకుపోయింది. ఒక మార్చి నెలకు ఆ పిలుపు సరైనదే. ఆ తర్వాత కూడా మరొకణ్ని తయారుచేయకుండా అదే సమాధానంతో నెట్టుకురావడం తప్పు.

ఐఎస్‌ఎల్ ఫార్వర్డ్ ఫామ్ తేల్చుకోవడానికి యాప్‌కి ఐదుకి మూడున్నర ఇస్తాను. ఇద్దరు ఆటగాళ్లను పక్కపక్కన పెట్టి చూసే సౌకర్యం బాగుంది. డిఫెండర్ విషయంలో రెండుకు మించి ఇవ్వలేను. చోటు పట్టుకుని ప్రమాదం రాకుండా చూసేవాడికంటే, ప్రమాదం వచ్చాక జారి ఆపేవాడికే అక్కడ అంకెలు ఎక్కువ పడతాయి.

మహిళల ఆటకు వచ్చేసరికి ఇంకా వెలితి. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, ఆ సీజన్‌కి ఏఐఎఫ్ఎఫ్ (జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య) ఉత్తమ క్రీడాకారిణి కూడా. ఆ లీగ్‌కి ఐఎస్‌ఎల్ స్థాయి వివరాలు దొరకవు. అక్కడ ఎవరికైనా జాతీయ పిలుపు రావాలా అని వాదించదలిస్తే పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని మ్యాచ్ చూడండి. నిమిషాలు, పెనాల్టీ కాని గోల్స్, బాక్సులోకి తీసిన పరుగులు, బంతి పోయాక వెనక్కి వచ్చిన సార్లు: నాలుగు గళ్లు చాలు, ఐదారు మ్యాచ్‌లకు ఒక బొమ్మ కడుతుంది.