కర్నూల్లో కొన్న సెకండ్ హ్యాండ్ ఇంజన్: సరుకు బాగుంది, కాగితాలే బాగోలేవు

మా స్విఫ్ట్ డీజిల్‌కి పాత ఇంజన్ ఒకటి కొని వేయించాను. కొన్నది బళ్లారి చౌరస్తా దాటాక హైవే పక్కనున్న ఒక పాత స్పేర్ పార్టుల షాపులో. మనవాళ్లు గుజిరీ అంటారే, అలాంటిది. ఇంజన్ మీద నాకు ఫిర్యాదు లేదు. షాపాయన మీద ఉంది, అందుకే పేరు రాయడం లేదు.

బండి 2013 మోడల్. కోడుమూరు వైపు హైస్కూల్లో పనిచేస్తాను, రోజూ దీంట్లోనే వెళ్లొస్తాను. ఒక ఆదివారం బండి మా మరిది తీసుకెళ్లాడు. కల్వర్టు దగ్గర రాయి తగిలి ఆయిల్ చాంబర్ పగిలింది. డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగినా, ఊరు దగ్గరే కదా అని లాగించాడట. బేరింగులు పట్టేసి ఇంజన్ జామ్ అయింది. తప్పు రాయిదేనని ఆయన ఇప్పటికీ అంటాడు.

మెకానిక్ భాయ్ ఇంజన్ విప్పి చూపించాడు. క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, వేడికి నీలం రంగు తిరిగిపోయింది. "గ్రైండింగ్ చేయించి వేస్తే నడుస్తుందక్కా, ఎన్నాళ్లనేది మాత్రం నేను చెప్పలేను" అన్నాడు. లేత్ పని, కొత్త పిస్టన్లు, బేరింగులు అన్నీ కలిపితే 80 వేల దాకా తేలింది. ఆ డబ్బుకి బాగా నడుస్తున్న ఇంజనే దొరుకుతుందన్నాడు.

దొరకడం అంత సులువు కాదు. మారుతీ వాళ్లు 2020లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చినప్పుడు డీజిల్ కార్లే ఆపేశారు. ఇక వచ్చేవన్నీ యాక్సిడెంట్ బండ్లలోంచి, తుక్కుకు వెళ్లిన బండ్లలోంచి తీసినవే. ఈ 1248 సీసీ ఇంజన్ డిజైన్ ఫియట్‌ది. టాటా విస్టా, ఫియట్ పుంటో, స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ అన్నిట్లోనూ ఇదే. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. షాపాయన మొదట విస్టా ఇంజన్ చూపించి "సేమ్ టు సేమ్ మేడమ్" అన్నాడు. లోపల సేమే కావచ్చు, బయట బిగించే బ్రాకెట్లు, చాంబర్, పైపులు వేరు. వాటిని మార్చుకుంటూ కూర్చుంటే మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది. బ్లాక్ మీద నంబరు డీ13ఏ అని మొదలవ్వాలి, అది చూశాకే బేరం అని భాయ్ ముందే చెప్పి ఉంచాడు. నేను టార్చి పట్టుకుని ఆ నంబరే అడిగాను. అప్పటిదాకా ధర కూడా భాయ్ మొహం చూసి చెప్పిన షాపాయన, అక్కణ్నుంచి నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఈ షాపులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది: విప్పి చూస్తామంటే అడ్డు చెప్పలేదు. చాలాచోట్ల పైన డీజిల్ కొట్టి మెరిపించి పెడతారు, సీలు విప్పితే గ్యారంటీ లేదంటారు. ఈయన స్పానర్లు కూడా ఇచ్చాడు. ఆయిల్ మూత తీస్తే కింద తెల్లటి మీగడ లాంటిది లేదు. ఉంటే నీళ్లు ఆయిల్లో కలిశాయని అర్థం. భాయ్ చాంబర్ దించి, ఒక బేరింగ్ క్యాప్ తీసి, అరిగిందేమోనని గోరుతో గీకి చూశాడు. గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కి సిలిండర్‌ని వేడి చేసేవి) తీసి, అక్కడ గేజ్ పెట్టి కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూశాడు. అంకె ఎంత వచ్చిందన్నదాని కన్నా నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యమట. మనది సరిపోయింది.

వరద ఇంజనేమో అని కూడా నాకు భయం ఉండింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు బండ్లు ఎట్లా మునిగాయో కర్నూలు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాద్‌లో కూడా కార్లు అట్లాగే మునిగాయి. నీళ్లు మింగిన ఇంజన్లో కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఆల్టర్నేటర్ సందుల్లో ఒండ్రు, తుప్పు గీత కనిపిస్తే ఆ ఇంజన్ వద్దు. దీంట్లో అలాంటివేమీ లేవు. వెనక లారీ గుద్దిన డిజైర్‌లోంచి తీశామన్నాడు. ఇంజన్ వరకూ అది మంచి మాటే, ముందు గుద్దుకున్న బండైతే పుల్లీలు, చైన్ కవర్ అనుమానించాలి.

65 వేలు చెప్పాడు, 52కి ఇచ్చాడు. టర్బో, ఇంజెక్టర్లు, ఆల్టర్నేటర్‌తో సహా. ఆయిల్ కూలర్ కూడా దానిదే ఉంచమని భాయ్ పట్టుబట్టాడు. మా పాత కూలర్లో, టర్బోలో అరిగిన బేరింగ్ రజను ఇరుక్కుని ఉంటుంది, వాటిని కొత్త ఇంజన్‌కి బిగిస్తే మళ్లీ మొదటికొస్తామన్నాడు. ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ మాత్రం మా బండిదే. మా తాళంచెవిని గుర్తుపట్టేది అదే కాబట్టి ఆ గొడవ రాలేదు. గేర్‌బాక్స్ ఎలాగూ దించారు కదా అని క్లచ్ ప్లేటు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, టైమింగ్ చైన్ కిట్ కొత్తవి వేయించాను. మజూరీతో కలిపి ఇంకో 30 వేలు. లెక్కేస్తే రిపేరు కన్నా చవక కాలేదు. కానీ నీలం తిరిగిన క్రాంక్ మీద రోజూ ప్రయాణం అనే టెన్షన్ తప్పింది.

బండి నడక బాగుంది. పొద్దున స్టార్టింగ్‌లో పొగ లేదు, ఏసీ వేసి ఎత్తు ఎక్కినా పికప్ తగ్గలేదు. టర్బో పైపు దగ్గర కొంచెం ఆయిల్ చెమ్మ కనిపిస్తే షాపాయన గ్యాస్కెట్ ఊరికే ఇచ్చాడు. ఇంతవరకూ మెచ్చుకోవాల్సిందే.

కాగితాల దగ్గర మనిషి మారిపోయాడు. చట్టం ప్రకారం ఇంజన్ మారిస్తే 14 రోజుల్లోపు రవాణా శాఖకు తెలపాలి, ఆర్సీలో నంబరు మార్పించుకోవాలి. దానికి ఇంజన్ ఎక్కడిదో చూపించే బిల్లు కావాలి. ఆయన ఇచ్చింది తెల్ల చీటీ, దాని మీద "ఇంజన్ ఒకటి" అని. నంబరు రాయమంటే "ఎవరడుగుతారు మేడమ్, అందరూ ఇట్లానే తిరుగుతున్నారు" అన్నాడు. దొంగ బండి ఇంజన్ అయితే స్టేషన్‌కి వెళ్లేది నేనా, ఆయనా? రేపు యాక్సిడెంట్ అయితే, నంబరు కలవలేదని ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టరా? అడిగితే నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది.

చివరికి ఆ డిజైర్ పాత ఆర్సీ జిరాక్స్, నంబరు రాసిన బిల్లు ఇచ్చాడు గానీ దానికి ఎన్ని ఫోన్లో! డబ్బు మొత్తం ముందే ఇచ్చేసి ఉంటే అవీ వచ్చేవి కావు. భాయ్ సలహా మీద పదివేలు ఆపి పెట్టాను. మీరు వెళ్లినా అట్లాగే చేయండి. డబ్బు ఆపనివ్వనంటే, ఇంజన్ ఎంత బాగున్నా వదిలేసి రండి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి, నంబరు మీద పెన్సిల్ ముద్ర తీసుకుని, పెద్దగా అడగకుండానే సంతకం పెట్టాడు. ఆర్సీలో కొత్త నంబరు ఎక్కింది. పాలసీలో మార్చమని ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టాను, అది ఇంకా రావాలి.