పది అంగుళాల డాబ్సోనియన్: ఏళ్ల తరబడి వాడాక

నా దగ్గరున్నది 10 అంగుళాల అద్దం, 1250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి వెలుగు ఒకచోట కూడేదాకా దూరం) ఉన్న మామూలు డాబ్సోనియన్ టెలిస్కోప్. మోటారు లేదు, కంప్యూటర్ లేదు. చెక్క బేస్‌లో కూర్చున్న లావుపాటి ట్యూబ్, అంతే. కొత్త మోజు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పగలను: డబ్బంతా అద్దం మీద పెట్టి, మిగతా ప్రతిచోటా పొదుపు చేశారు. అయినా ఈ బేరం నాకు గిట్టుబాటే.

ఆ ఆలోచన పాతదే. 1960ల్లో కాలిఫోర్నియాలోని వేదాంత ఆశ్రమంలో సన్యాసిగా ఉన్న జాన్ డాబ్సన్, ఓడ కిటికీల గాజును అరగదీసి అద్దాలు చేసేవాడు. ఖరీదైన ఇనుప మౌంట్ (టెలిస్కోప్‌ను నిలబెట్టి తిప్పే స్టాండు) జోలికి పోకుండా అట్ట గొట్టం, ప్లైవుడ్ పెట్టెతో పని కానిచ్చాడు. 1980లో అమెరికాలో కూల్టర్ ఆప్టికల్ ఇదే పద్ధతిలో 13.1 అంగుళాల ఒడిస్సీ టెలిస్కోప్‌ను 400 డాలర్ల లోపే అమ్మకానికి పెట్టింది. తర్వాత తైవాన్, చైనా ఫ్యాక్టరీలు రంగంలోకి దిగాక 8, 10 అంగుళాలు మామూలు సైజులైపోయాయి. ఒకే ఫ్యాక్టరీ సరుకు రకరకాల పేర్లతో వస్తుంది కాబట్టి బ్రాండ్ చర్చల్లో మరీ తలమునకలు కానక్కర్లేదు.

ఇక చూపు సంగతి. చీకట్లో పూర్తిగా విచ్చుకున్న కంటిపాపతో పోలిస్తే ఈ అద్దం సుమారు 1300 రెట్లు వెలుగు పోగేస్తుంది. అది అంకెగా కాదు, ఎం13 నక్షత్ర గుచ్ఛం దగ్గర తెలుస్తుంది. చిన్న టెలిస్కోప్‌లో మసక ముద్దలా ఉండేది ఇందులో 125 రెట్లు పెద్దది చేసి చూస్తే విడివిడి చుక్కలైపోతుంది. కాస్త పక్కకు చూస్తే నడిమధ్య కూడా పొడిపొడిగా రాలినట్టుంటుంది. గాలి నిలకడగా ఉన్న రాత్రి శని వలయాల్లోని కాసినీ ఖాళీ గీత గీసినట్టు కనిపిస్తుంది. గెలాక్సీలు మాత్రం బూడిద రంగు మరకలే. ఫొటోల్లోని రంగులు ఆశించేవాళ్లు డబ్బు దాచుకోవడం మేలు. ఊరి దీపాల కింద ఎంత పెద్ద అద్దమైనా గెలాక్సీల విషయంలో చేతులెత్తేస్తుంది.

పొదుపు ఎక్కడ చేశారో వాడే కొద్దీ బయటపడింది. పెద్ద అద్దం వెనక స్ప్రింగులు బలహీనం, ట్యూబ్ కదిపితే చాలు కొలిమేషన్ (అద్దాలు ఒకే గీతలో ఉండే అమరిక) జారిపోయేది. గట్టి స్ప్రింగులు వేశాక ఆ టెన్షన్ పోయింది. ఆ అమరిక సరిచూసుకోవడానికి కూడా ఇచ్చిన లేజర్ దానికదే వంకర: దాని గొట్టంలోనే తిప్పి చూస్తే ఎర్రచుక్క ఒకచోట ఉండకుండా గుండ్రంగా తిరిగేది. చిన్న కన్నమున్న ప్లాస్టిక్ మూత దానికంటే నయం. బేస్ కింద రోలర్ బేరింగ్ మరీ తేలిగ్గా తిరుగుతుంది. టెఫ్లాన్ ముక్కలైతే కావలసినంత బిగువు ఇస్తాయి, పైగా చవక. ఎందుకు మార్చారో అర్థం కాదు.

208 రెట్ల దగ్గర మామూలు ప్లోసెల్ రకం ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) గ్రహం నిమిషం లోపే అంచు దాటిపోతుంది. చేత్తో తోస్తూ ఉండాలి. అలవాటైతే పట్టింపు ఉండదు గానీ, పదిమందికి చూపించేటప్పుడు విసుగే. ఎఫ్/5 (ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకు దాదాపు ఐదు రెట్లు) కావడంతో చవక వైడ్ ఐపీస్‌లలో అంచు నక్షత్రాలు రెక్కలు విప్పిన పిట్టల్లా సాగిపోతాయి. మంచి ఐపీస్ ఒకటి కొనక తప్పలేదు. అద్దం బయటి గాలికి చల్లబడటానికి ముప్పావుగంటైనా పడుతుంది. వెనక చిన్న ఫ్యాన్ ఉంటే తొందరగా దారికొస్తుంది.

బరువు గురించి అమ్మేవాళ్లు పెద్దగా మాట్లాడరు. ట్యూబ్ ఒక్కటే దాదాపు 15 కిలోలు, బేస్ కూడా ఇంచుమించు అంతే. నేలమీద ఇల్లు, వాకిట్లోనే చీకటి ఉన్నవాళ్లకు 10 అంగుళాలు కళ్లు మూసుకుని చెప్తాను. మెట్లు దిగాల్సినవాళ్లకు మాత్రం 8 అంగుళాల ఎఫ్/6: పొడవు దాదాపు ఇంతే, ఎత్తడం సులువు, కొలిమేషన్ అటూఇటూ అయినా సర్దుకుపోతుంది, చవక ఐపీస్‌లతోనూ కాపురం చేస్తుంది.